చుక్క తర్వాత

డాట్ కామ్ పోయిందన్నాడు ఇలంగో
ఎవరో చనిపోయినట్టు గొంతు తగ్గించి.
మా ఇంటిపేరే.
ఎవరో ఎప్పుడో కొని, వాడకుండా అట్టే పెట్టారట.
నాలుగు లక్షలిస్తే వదులుతారట.

"వాడికీ మామిడాల వారికీ ఏమిటయ్యా చుట్టరికం?"
అన్నాడు అన్నయ్య.
ఇలంగో నవ్వి ఊరుకున్నాడు.

ఆదియప్ప నాయకన్ వీధి వెనక సందులో
మాది పాత గోనెల వ్యాపారం.
పంజాబు గోధుమలు, బర్మా కందులు, తూత్తుకుడి ఉప్పు,
ఏ సంచి వచ్చినా ఎవరిదో పేరు మోసుకొస్తుంది.
దులిపి, చిరుగులు కుట్టి,
లోపలి వైపు బయటికి తిప్పి
మా పేరు అచ్చు వేస్తాం.
ఎంత తిప్పినా, ఎండకు పట్టి చూస్తే
పాత పేరు అద్దంలో రాతలా వెనక్కి కనిపిస్తుంది.
నలభై ఏళ్ళుగా పరాయి పేర్లు తిరగేసి బతికినవాళ్ళం,
మా పేరునే ఎవడో తిరగేశాడంటే
కోపం రావాలో నవ్వు రావాలో
తెలియలేదు నాకు.

హోటల్లో టిఫిన్లు ఏకరువు పెట్టినట్టు
చదివాడు ఇలంగో:
డాట్ షాప్, డాట్ స్టోర్, డాట్ మార్కెట్, డాట్ సప్లై,
డాట్ ట్రేడ్, డాట్ ట్రేడింగ్.
"బోర్డు మీద ట్రేడింగ్ కంపెనీ అనే కదా ఉంది సార్.
ట్రేడింగే పెట్టేద్దాం."

ఖాతా పుస్తకం మూసి ధర అడిగాను.
మొదటి ఏడాది నూట తొంభై.
ఆ తర్వాత?
ఇలంగో గొంతు సవరించుకున్నాడు.
ఏటా మూడు వేల నాలుగొందలు.

"కొత్త అల్లుడికి వడ్డించినట్టు
మొదటి ముద్దకే నెయ్యి," అన్నాడు అన్నయ్య.
"పేరు మనది, అద్దె వాడికా?"

ఆపైన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.
అచ్చురేకు కోసే ఏకాంబరం
అక్షరానికి ఇంత అని పుచ్చుకుంటాడు మరి.
మా కొట్లో లెక్క ఒకటితో మొదలవదు.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు...
ట్రేడింగ్‌కి ఇంగ్లీషులో ఇంకో అక్షరం మిగిలింది.
అన్నయ్య వేలు గాలిలో ఆగిపోయింది.
ఆ అంకె ఇక్కడ పలకం.
ఆరున్నొక్కటి అంటాం.

ఇలంగోకి తెలుగు సగమే వచ్చు.
"ఏడు అంటే సెవెన్.
ఏడు అంటే సంవత్సరం కూడా కదా మేడమ్?"
అవును బాబూ, మూడోది కూడా ఉంది.
ఏడు తిరిగేసరికి డబ్బు కట్టడం మరిచామనుకో,
పేరు పోతుంది.
అప్పుడు చేసే పనికి అదే మాట.

ఇంకో సంగతి నేను పైకి అనలేదు.
పక్క కొట్టు దామోదరం గారి తమ్ముడు
ఫోన్లో ట్రేడింగని పదకొండు లక్షలు పోగొట్టి
మూడు నెలలుగా మేడ దిగి రావడం లేదు.
చేత్తో తడిమి, నూలు లాగి చూసి,
తూకం దగ్గర నిలబడి గొంతు పోయేలా బేరమాడే పనికి
ఒకప్పుడు ఉన్న మాట అది.
మా దగ్గర్నుంచి ఎప్పుడు జారిపోయిందో
మేమూ చూసుకోలేదు.

డాట్ ట్రేడ్ అనుకున్నాం చివరికి.
అయిదక్షరాలు. ఏకాంబరానికి అరవై రూపాయలు.

వారం తర్వాత రేకు వచ్చింది.
అక్షరాలు పొందికగా ఉన్నాయి గానీ
చుక్క కోయడం మరిచిపోయాడు మహానుభావుడు.
"చుక్క లేకపోతే కస్టమర్ ఎక్కడికీ చేరడు సార్,"
ఇలంగో కంగారు పడ్డాడు.
రేకు వెనక్కి పంపితే రెండు రోజులు.
రెడ్ హిల్స్ బియ్యం మిల్లు లారీ సందు మొదట్లో నిలబడి
హారన్ కొడుతోంది.

అన్నయ్య చొక్కా చేయి మడిచాడు.
నల్ల సిరాలో చూపుడు వేలు ముంచి
పేరుకీ ట్రేడ్‌కీ మధ్య
ఒక్కో సంచి మీదా ఒక్కో చుక్క పెడుతూ పోయాడు.
లాభం.
రెండు.
మూడు.
కొన్ని పెద్దవయ్యాయి, కొన్ని కిందికి జారాయి,
ఒకటి పాత పేరు మరక మీదే పడింది.
ఆరో సంచి దగ్గర కాస్త ఆగాడు.
ఇలంగో తర్వాతి సంచి అందించి
తనే అన్నాడు,
"ఆరున్నొక్కటి."